చవక చార్టర్ విమాన సంస్థలు ఎట్లా లేస్తాయి, ఎక్కడ కూలుతాయి: లేకర్ ఎయిర్‌వేస్ లెక్క

మీరు అడిగినవి మూడు. కరీంనగర్ ఏజెంటు ఒకరు ఉమ్రా (మక్కా యాత్ర) గ్రూపుకు చార్టర్ విమానంలో మామూలు టికెట్టులో సగం ధరకే రానుపోను సీట్లు ఇస్తామని, పైసలు మాత్రం మొత్తం మూడు నెలల ముందే కట్టాలని అంటున్నారు, నమ్మొచ్చా? 59 పౌండ్లకు లండన్ నుంచి న్యూయార్క్ తీసుకుపోయిన లేకర్ ఎయిర్‌వేస్ అంత జోరుగా నడిచి ఎందుకు మూతపడింది? మామునూరు విమానాశ్రయం మొదలైతే అట్లాంటి చవక సంస్థ వరంగల్ నుంచి నిలబడుతుందా? మూడింట్లోనూ చూడాల్సినవి రెండే: ఖాళీ సీటు నష్టం ఎవరి మీద పడుతోంది, ముందుగా కట్టిన పైసలు ప్రయాణం రోజు దాకా ఎవరి చేతిలో ఉంటున్నాయి.

మేడారం జాతరకు ప్రైవేటు బస్సు మాట్లాడుకునే పద్ధతి మీకు తెలిసిందే. కిరాయి కుదిరాక యాభై మంది ఎక్కినా ముప్పై మంది ఎక్కినా బస్సు ఓనరుకు వచ్చేది అంతే. ఖాళీ సీట్ల భారం బస్సు మాట్లాడిన వాళ్ల మీద పడుతుంది. అదే ఓనరు బస్టాండు దగ్గర బండి నిలబెట్టి సీటుకింత అని టికెట్లు కొడితే ఖాళీ సీటు ఆయన నెత్తినే. అచ్చమైన చార్టర్ సంస్థది మొదటి వ్యాపారం. విమానం మొత్తాన్ని టూర్ కంపెనీకో ఏజెంటుకో కిరాయికిస్తుంది. సీట్లమ్మే పని లేదు, ప్రకటనలు లేవు, అమ్ముడుపోని సీట్ల గొడవ లేదు. చవక అక్కడి నుంచే వస్తుంది.

కానీ చార్టర్‌లో బయటికి కనిపించని ఖర్చు ఒకటుంది: ఖాళీగా తిరిగే విమానం. లెక్క కోసం హైదరాబాద్–జెడ్డా రానుపోను ఒక ట్రిప్పుకు ఇంధనం, విమాన అద్దె, సిబ్బంది, విమానాశ్రయ ఛార్జీలు అన్నీ కలిపి 60 లక్షలు, సీట్లు 180 అనుకోండి. రెండు వైపులా నిండితే మనిషికి 33,333 రూపాయలు. ఇప్పుడు వారానికో గ్రూపు చొప్పున పది గ్రూపులు, ఒక్కో గ్రూపు 14 రోజులు అక్కడ ఉంటుందని పెట్టుకోండి. మొదటి రెండు గ్రూపులను దింపిన విమానాలకు తెచ్చుకోవడానికి అక్కడ మనుషులుండరు, ఖాళీగా వస్తాయి. చివర్లో ఇంకో రెండుసార్లు ఖాళీగా పోయి జనాన్ని తెచ్చుకోవాలి. పది గ్రూపులకు పన్నెండు ట్రిప్పులు. 7 కోట్ల 20 లక్షలను 1,800 మందికి పంచితే తలకు 40,000 పడుతుంది. గ్రూపులు పదింట తొమ్మిది వంతులే నిండితే 44,444.

సీజన్‌లో మామూలు విమానాల్లో రానుపోను 50,000 పలుకుతుంటే ఈ చార్టర్ 44 వేలకో 45 వేలకో రావడం సబబే. 25 వేలకు రావడానికి మాత్రం దారి లేదు. ఒక్క మినహాయింపు ఖాళీ ట్రిప్పు. ఎట్లాగూ ఖాళీగా వచ్చే విమానంలో ఒకవైపు సీటు సగం ధరకు, అంతకంటే తక్కువకు కూడా అమ్ముతారు, ఎంతొస్తే అంత. అందుకే ఒకవైపు టికెట్టు సగం ధర అంటే నమ్మవచ్చు. రానుపోను సగం ధర అంటే ఆ మిగతా సగం ఎవరు పెట్టుకుంటున్నారో అడగాలి. చాలాసార్లు అది తర్వాతి గ్రూపు కట్టిన పైసల్లోంచి వస్తుంది. గ్రూపులు వస్తున్నన్నాళ్లు విమానాలు ఎగురుతాయి. ఒక గ్రూపు తగ్గిన వారం ఆగిపోతాయి.

ఇక లేకర్. ఫ్రెడ్డీ లేకర్ 1966లో బ్రిటిష్ ప్రభుత్వ విమాన సంస్థ బీఓఏసీ వాడిన రెండు బ్రిస్టల్ బ్రిటానియా టర్బోప్రాప్ విమానాలతో మొదలుపెట్టారు. మరుసటి ఏడాది బీఏసీ వన్-ఎలెవెన్ జెట్లు వచ్చాయి. ఆయన పట్టుకున్న కిటుకు టైమ్ చార్టర్. ఏడాదికి ఇన్ని గంటలు విమానం వాడుకుంటామని టూర్ కంపెనీ ముందే హామీ రాసివ్వాలి. గంటలు పెరిగిన కొద్దీ గంట రేటు తగ్గుతుంది. విమానం నేల మీద నిలబడ్డా దాని వాయిదా ఆగదు కాబట్టి, శీతాకాలంలో కూడా దాన్ని గాల్లో ఉంచే బాధ్యతను ఈ ఒప్పందం టూర్ కంపెనీ మీదికి నెట్టింది. నిర్వహణలోనూ ఆయన చూపు అంతే సూటిగా ఉండేది. రన్‌వే పొడవుగా, బరువు తక్కువగా ఉన్నప్పుడు ఇంజిన్లను పూర్తి శక్తికి లాగకుండా కొంత తగ్గించి టేకాఫ్ చేయించేవారు. టర్బైన్‌లో వేడి తగ్గితే బ్లేడ్ల ఆయుష్షు పెరుగుతుంది, ఓవర్‌హాల్ ఖర్చు వెనక్కి జరుగుతుంది. ఈ రోజు ప్రపంచమంతా మామూలుగా చేసే పని అది. దాన్ని అప్పట్లోనే పైసా పైసా లెక్కగట్టి పద్ధతిగా పెట్టిన వాళ్లలో ఆయన ముందున్నారు.

అట్లాంటిక్ మీద అప్పట్లో చార్టర్లకు వింత నిబంధన ఒకటుండేది. ప్రయాణికులంతా ఏదో ఒక సంఘం సభ్యులై ఉండాలి, ఆ సభ్యత్వానికి కనీసం ఆరు నెలలు నిండాలి, సంఘం విమాన ప్రయాణం కోసం పుట్టింది కాకూడదు. సహజంగానే దొంగ సంఘాలు పుట్టుకొచ్చాయి. అధికారులు విమానాశ్రయాల్లో తనిఖీలు చేసి ప్రయాణికులను ఆపేసేవారు. దీనికి విరుగుడుగా లేకర్ 1971లో స్కైట్రెయిన్ అనే విమాన సర్వీసుకు దరఖాస్తు చేశారు: సంఘం వద్దు, రిజర్వేషన్ వద్దు, ముందు వచ్చినవాళ్లకు ముందు, టికెట్టు ప్రయాణం రోజే. 1972లో లైసెన్సు ఇచ్చారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం అడ్డుకుంటే ఆయన కోర్టుకెక్కారు. 1976 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆయన వైపే తీర్పిచ్చింది. అమెరికా అనుమతి కూడా వచ్చాక 1977 సెప్టెంబరు 26న లండన్ గ్యాట్విక్ నుంచి న్యూయార్క్‌కు మొదటి విమానం లేచింది. 345 సీట్ల డీసీ-10, ఒకవైపు 59 పౌండ్లు, భోజనానికి వేరే పైసలు. 1978 వేసవిలో టికెట్ల కోసం జనం లండన్ వీధుల్లో పేవ్‌మెంట్ల మీదే పడుకుని క్యూ కట్టారు.

ఇక్కడ ఒక సంగతి బాగా పట్టించుకోవాలి. స్కైట్రెయిన్‌తో లేకర్ వ్యాపారమే మారిపోయింది. విమానాన్ని కిరాయికిచ్చే మనిషి సీటు సీటుగా అమ్మే మనిషయ్యారు. ఖాళీ సీటు నష్టం టూర్ కంపెనీ నుంచి ఆయన మీదికి వచ్చింది. మొదటి రెండు మూడేళ్లు గిరాకీ పొంగిపొర్లడంతో ఆ మార్పు బరువు బయటపడలేదు.

ఆ బరువు మూడు దిక్కుల నుంచి పడింది. ఒకటి, పోటీ సంస్థలు. పాన్ యామ్, టీడబ్ల్యూఏ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ మొదట్లోనే స్టాండ్‌బై ఛార్జీలు (చివరికి మిగిలిన సీట్లకు తక్కువ ధర) పెట్టాయి. వాటికున్న వెసులుబాటు చూడండి. ఒకే విమానంలో ముందు వరుసల్లో కంపెనీ ఖర్చు మీద పోయేవాళ్లు పూర్తి ఛార్జీ కడతారు, వెనక మిగిలిన సీట్లను ఎంతకైనా అమ్మేయొచ్చు. లేకర్‌కు 345 సీట్లూ చవక సీట్లే, నష్టాన్ని పూడ్చే ముందు వరుసలు లేవు. దాంతో ఆయన ముందస్తు బుకింగు మొదలుపెట్టారు, చివర్లో బిజినెస్ ప్రయాణికుల కోసం రీజెన్సీ తరగతి కూడా తెచ్చారు. ఒక్కో మార్పుకూ సిబ్బంది, కంప్యూటరు, ఆఫీసుల ఖర్చు పెరిగింది. ఏ సాదాతనం వల్ల 59 పౌండ్లు సాధ్యమైందో అదే కరిగిపోయింది.

రెండోది విమానాలు. 1979 మే 25న షికాగోలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 కూలడంతో ఆ రకం విమానాలను జూన్, జూలై నెలల్లో అయిదు వారాలకు పైగా అమెరికా తన ఆకాశంలో ఎగరనివ్వలేదు. ఏడాది సంపాదనంతా వేసవి మీదే ఆధారపడిన సంస్థకు ఆ వారాలు ఎంత చేటో చెప్పనక్కర్లేదు. ప్రమాదానికి కారణం ఇంకో సంస్థ వర్క్‌షాపులో ఇంజిన్ విప్పి బిగించిన పద్ధతి. కానీ ఒకే రకం విమానం మీద నడిచేవాళ్లకు ఎవరి తప్పయినా దెబ్బ మొత్తంగా తగులుతుంది. అయినా లేకర్ ఇంకో అయిదు పెద్ద డీసీ-10లు తీసుకున్నారు. ఐరోపా నగరాల మధ్య కూడా స్కైట్రెయిన్ నడుపుతానని పది ఎయిర్‌బస్ ఏ300లకు ఆర్డరిచ్చారు. ఐరోపా ప్రభుత్వాలు ఆ రూట్లకు అనుమతివ్వలేదు. 1981లో వచ్చిన మూడు ఏ300లకు అనుకున్న పనే లేకపోయింది, అప్పు మాత్రం మొదలైంది.

మూడోది, అన్నింటికంటే లోతుగా దిగింది, డాలరు. విమానాల అప్పులు, ఇంధనం డాలర్లలో. ప్రయాణికుల్లో ఎక్కువమంది బ్రిటిష్‌వాళ్లు, రాబడి పౌండ్లలో. 1980 చివర్లో పౌండుకు దాదాపు 2.40 డాలర్లు వచ్చేవి, 1981 ఆగస్టు, సెప్టెంబరుకు 1.80 దగ్గరికి పడిపోయింది. పది లక్షల డాలర్ల వాయిదాకు ముందు 4,16,667 పౌండ్లు చాలితే ఇప్పుడు 5,55,556 కావాలి. మూడో వంతు పెరిగినట్టు. పైగా పౌండు పడితే ఫ్లోరిడాలో హోటలు, తిండి బ్రిటిష్ కుటుంబానికి ఖరీదవుతాయి, ప్రయాణమే మానుకుంటారు. ఖర్చు పెరిగిన రోజే గిరాకీ తగ్గింది. ఇది కలిసిరాని రోజుల వల్ల వచ్చింది కాదు, అప్పు ఒక కరెన్సీలో, రాబడి ఇంకో కరెన్సీలో పెట్టుకున్నప్పుడే అది ఆ ఒప్పందంలో ఉంది.

1981 చివర్లో పాన్ యామ్ కొన్ని ఛార్జీలను మూడింట రెండు వంతుల దాకా తగ్గించింది, మిగతావాళ్లు వెంటనే అదే చేశారు. అట్లాంటిక్ మీద జనవరి, ఫిబ్రవరి కరువు కాలం లాంటివి. వేసవి రాబడి అయిపోయి ఉంటుంది, వచ్చే వేసవి బుకింగులు ఇంకా పూర్తిగా రావు. 1982 ఫిబ్రవరి 5న సంస్థ మూతపడింది. గాల్లో ఉన్న విమానాలను వెనక్కి పిలిచారు. దాదాపు ఆరు వేల మంది ఎక్కడివాళ్లక్కడ చిక్కుకున్నారు. అప్పులు సుమారు 27 కోట్ల పౌండ్లు. పెద్ద సంస్థలు కూడబలుక్కుని తొక్కేశాయని లిక్విడేటర్ (మూతపడ్డ సంస్థ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే మనిషి) అమెరికాలో దావా వేస్తే 1985లో రాజీ కుదిరింది. అప్పులవాళ్లకు సుమారు 4 కోట్ల 80 లక్షల డాలర్లు, లేకర్‌కు 80 లక్షలు వచ్చాయి. తొక్కేశారన్న మాటలో నిజముంది. కానీ డాలరు అప్పు లేని పాత చార్టర్ సంస్థగానే ఉండి ఉంటే ఆ ఛార్జీల యుద్ధాన్ని తట్టుకునేదని నా అభిప్రాయం.

ముందు కట్టిన పైసల సంగతికి వస్తాను, మీకు నేరుగా తగిలేది ఇదే. బ్రిటన్‌లో 1974 ఆగస్టు 15న కోర్ట్ లైన్ అనే చార్టర్ సంస్థ, దాని టూర్ కంపెనీ క్లార్క్‌సన్స్‌తో సహా, వేసవి నడిమధ్య కూలింది. అంతకు ముందటి ఏడాది నూనె ధరలు ఎగబాకడం దానికి పెద్ద దెబ్బ. వేలాది కుటుంబాలు విదేశాల్లో ఇరుక్కున్నాయి. ఆ తర్వాతే అక్కడ ప్యాకేజీ ప్రయాణికుల కోసం రిజర్వు నిధి పెట్టారు. అమెరికాలో ప్రజలకు సీట్లమ్మే చార్టర్లు జనం కట్టిన డబ్బును ఎస్క్రో ఖాతాలో, అంటే సంస్థ ముట్టుకోలేని విడి ఖాతాలో, ఉంచాలి లేదా బాండు ఇవ్వాలి, ప్రయాణం పూర్తయ్యాకే ఆ సొమ్ము బయటికి రావాలి. అంత చేసినా మర్టిల్ బీచ్ కేంద్రంగా నడిచిన డైరెక్ట్ ఎయిర్ 2012 మార్చిలో ఆగిపోయినప్పుడు ఆ ఖాతాలో ఉండాల్సిన కోట్ల డాలర్లు లేవు. జరగని ప్రయాణాలను జరిగినట్టు చూపి సొమ్ము ముందే తీశారని ప్రాసిక్యూటర్లు కేసు పెట్టారు. మన దేశంలో విమాన టికెట్టు సొమ్ముకు అట్లాంటి రక్షణ నిధే లేదు. మీరు కట్టింది కట్టిన రోజే సంస్థ రోజువారీ ఖర్చులో కలిసిపోతుంది.

అందుకని మీ ఏజెంటును అడగాల్సినవి. విమానం నడిపే సంస్థ పేరు రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఆ సంస్థకు విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ పర్మిట్ ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైటులో చూడొచ్చు. విదేశీ సంస్థయితే ఈ చార్టర్ సిరీస్‌కు మన దగ్గర, సౌదీలో అనుమతి వచ్చిందా అడగండి. ఇది నిజంగా చార్టరా, లేక మామూలు విమానంలో గంపగుత్తగా కొన్న సీట్లా (గ్రూపు బ్లాకు)? మన దగ్గర చార్టర్ అని చెప్పే వాటిలో చాలా మటుకు రెండో రకమే. అది తప్పేమీ కాదు, పైగా మీకు భద్రత ఎక్కువ, ఎందుకంటే ఏజెంటు మునిగినా విమానం ఎగురుతుంది. అట్లాంటి బ్లాకులో పేర్లు ఎక్కించాక పీఎన్‌ఆర్, చాలా సంస్థల్లో 13 అంకెల ఈ-టికెట్ నంబరు వస్తాయి. ఆ నంబరులో మొదటి మూడు అంకెలు విమాన సంస్థ కోడు. సౌదియాకు 065, ఎమిరేట్స్‌కు 176, ఎయిర్ ఇండియాకు 098. నంబరు చేతికి రాగానే సంస్థ వెబ్‌సైటులో మీరే వేసి చూసుకోండి. ఏజెంటు పంపిన పీడీఎఫ్ కాగితాన్ని టికెట్టు అనుకోవద్దు.

అన్నింటికంటే ముఖ్యం వాయిదాల తేదీలు. చార్టర్ ఒప్పందాల్లో సంతకం రోజు కొంత అడ్వాన్సు కట్టి, మిగతాది ఒక్కో ట్రిప్పుకు వారం, రెండు వారాల ముందు కట్టడం మామూలు పద్ధతి. ఏజెంటు మీ దగ్గర 90 రోజుల ముందు మొత్తం తీసుకుని సంస్థకు 10 రోజుల ముందు కడితే, 80 రోజులు మీ సొమ్ము ఆయన చేతిలో ఏ హామీ లేకుండా తిరుగుతుంది. నాలుగో వంతు ఇప్పుడు, ఇంకో నాలుగో వంతు వీసా వచ్చాక, మిగతా సగం టికెట్టు నంబరు చేతికి వచ్చాక కడతామని చెప్పండి. నిజంగా విమానం మాట్లాడుకున్న మనిషి దీనికి బేరమాడతారు. లేనివాళ్లు రేపటికల్లా రేటు పోతుందని తొందర పెడతారు. పైసలు కట్టేది క్రెడిట్ కార్డుతో, అది కూడా ఏజెన్సీ పేరున్న ఖాతాకే, జీఎస్టీ రసీదుతో. వ్యక్తి ఫోన్ నంబరుకు యూపీఐ వద్దు.

విమాన సంస్థే కూలబోతుంటే కనిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఇంధన కంపెనీలు, విమానాశ్రయాలు అప్పు ఆపేసి ఏ రోజు పైసలు ఆ రోజే కట్టించుకుంటాయి. దీన్ని క్యాష్ అండ్ క్యారీ అంటారు, వార్తల్లో ఈ మాట కనబడితే జాగ్రత్త పడండి. జీతాలు ఆలస్యమవుతాయి, పీఎఫ్ కట్టరు. ఒక విమానం విడిభాగాలు విప్పి ఇంకోదానికి వేస్తారు, ఎగిరే విమానాల సంఖ్య నెలనెలా తగ్గుతుంది. అద్దెకిచ్చినవాళ్లు విమానం రిజిస్ట్రేషన్ రద్దు చేయమని డీజీసీఏకు దరఖాస్తు పెడతారు, అవి డీజీసీఏ సైటులో కనబడతాయి. వీటన్నింటి మధ్య ఆరేడు నెలల తర్వాతి ప్రయాణాలకు నమ్మలేనంత చవక సేల్ పెడితే ఆ సొమ్ముతో ఈ వారం ఇంధనం కొంటున్నారని అర్థం.

ఆగిపోతే ఏం చేయాలి? గో ఫస్ట్ ఉదాహరణ చాలు. 2023 మే 2న అది దివాలా దరఖాస్తు వేసింది, మే 3 నుంచి విమానాలు ఆగాయి, మే 10న దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ మారటోరియం (వసూళ్లకు, కేసులకు విరామం) పెట్టింది. మారటోరియం వచ్చాక ఆ సంస్థ మీద వినియోగదారుల కేసులు నడవవు. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆదేశంతో అద్దె విమానాలు 54 వెనక్కి పోయాయి, 2025 జనవరిలో లిక్విడేషన్‌కు, అంటే ఉన్నవి అమ్మి సంస్థను మూసేయడానికి, ఆదేశించారు. విమానాలు అద్దెవే అయినప్పుడు అమ్మి పంచడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఆస్తి తాకట్టున్న బ్యాంకులు, కార్మికుల బకాయిలు ముందు. ప్రయాణికుల వంతు చాలా కింద. కాబట్టి వార్త వచ్చిన రోజే కార్డు ఇచ్చిన బ్యాంకుకు సేవ అందలేదనే కారణంతో చార్జ్‌బ్యాక్ (కార్డు మీద కట్టిన సొమ్ము వెనక్కి ఇవ్వమనే దరఖాస్తు) వేయండి. సాధారణంగా ప్రయాణ తేదీ నుంచి 120 రోజుల గడువుంటుంది, కానీ చివరిదాకా ఆగొద్దు. యూపీఐకి, నెఫ్ట్‌కు, నగదుకు ఆ దారి లేనట్టే. దివాలా ప్రక్రియ చూసే నిపుణుడి బహిరంగ ప్రకటన చూసి గడువులోపు క్లెయిమ్ పంపండి, వచ్చేది తక్కువైనా ఖర్చు లేని పని. ఒప్పందం ఏజెంటుతో అయితే మారటోరియం ఆయనకు వర్తించదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఈ-జాగృతి వెబ్‌సైటు ద్వారా కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు.

మామునూరు సంగతి. నిజాం కాలపు ఆ విమానాశ్రయానికి శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందంలోని 150 కిలోమీటర్ల నిబంధన (అంత దూరంలోపు ఇంకోటి రాకూడదని) అడ్డుగా ఉండేది. అది తొలగి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతిచ్చింది. అక్కడి నుంచి మొదట ఎగరగలిగేది ఏటీఆర్ 72 లాంటి 70 సీట్ల విమానమని నా అంచనా. హైదరాబాద్‌కు రైలుంది, రోడ్డుంది, ఆ రూటు మీద ఎవరూ పైసలు పెట్టరు. బెంగళూరు, తిరుపతి, ఇంకా ముంబయి చూడాలి. ముంబయి పక్కనున్న భివండీ మగ్గాల దగ్గర మన చేనేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, పండక్కి రాకపోకలు బాగా ఉంటాయి. కానీ పండగ గిరాకీ ఏడాది పొడుగునా సీట్లు నింపదు, లేకర్‌కు వేసవి ఉన్నట్టే.

మన దగ్గర పుట్టిన సంస్థలనే చూడండి. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో ఎంబ్రాయర్ జెట్లతో మొదలై 2017 ఫిబ్రవరి 28న ఆగింది. హైదరాబాద్ ట్రూజెట్ 2015 జూలైలో ఏటీఆర్‌లతో మొదలై, ఉడాన్ (చిన్న ఊళ్లకు చవక విమానాల కేంద్ర పథకం) రూట్లు నడిపి, 2022లో ఆగింది. రెండూ అద్దె విమానాలవే. అద్దె, విడిభాగాలు, ఇంజిన్ మరమ్మతుకు పక్కన పెట్టే సొమ్ము డాలర్లలో, రాబడి రూపాయల్లో. ఉడాన్‌లో గంట ప్రయాణానికి 2,500 గరిష్ఠ ఛార్జీ అన్నారు, లోటును ప్రభుత్వం మూడేళ్లు పూడుస్తుంది. నాలుగో ఏడు నుంచి సంస్థే చూసుకోవాలి.

అందుకే వరంగల్ పేరుతో ఒకటో రెండో విమానాలతో కొత్త సంస్థ పెడితే దాన్ని నమ్మి ఆర్నెల్ల ముందు టికెట్లు కొనమని చెప్పను. ఒక విమానం చెడితే ఆ రోజు సగం సర్వీసులు పోతాయి. ఇప్పటికే పదుల కొద్దీ ఏటీఆర్‌లున్న పెద్ద సంస్థ తన విమానాన్ని రోజుకో గంటన్నర ఇటు తిప్పితే ఆ సర్వీసు నిలబడుతుంది, ఎందుకంటే మిగతా పది గంటల అద్దె వేరే ఊళ్లు కడతాయి. మన ఎమ్మెల్యేలను, వర్తక చాంబర్ వాళ్లను అడగాల్సింది కొత్త సంస్థ కాదు. అట్లాంటి సంస్థకు మొదటి రెండేళ్లు రోజుకు ఇన్ని సీట్లని రాతపూర్వకంగా కొనే హామీ కావాలి. ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ, ఆసుపత్రులు, సింగరేణి, ఎన్‌టీపీసీ కలిస్తే ఏటీఆర్‌లో ఇరవై సీట్ల హామీ పెద్ద మాట కాదు. లేకర్ 1966లో టూర్ కంపెనీల నుంచి రాయించుకున్నది సరిగ్గా అదే హామీ.